ఎల్లారెడ్డి దారిలో ఓ దరువు

రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. అమ్మ పోయి నెల కాలేదు. ఇంట్లో కాలు నిలవక, పని ఉన్నా లేకున్నా ఊళ్లు పట్టుకు తిరుగుతున్నాను. అలా బందరు నుంచి వచ్చి, కామారెడ్డిలో ఎల్లారెడ్డి వెళ్లే బస్సు ఎక్కాను, పెట్రోలు కరువై బొగ్గుతో నడిపే బస్సు.

సగం దారిలో బస్సు ఆగింది. రోడ్డు నిండా జనం, డప్పులు, సన్నాయి, తాళాలు. పక్క సీటులోని ముసలామెను విసుగ్గా అడిగాను, "ఎవరిదవ్వా పెళ్లి?"

"పెండ్లి గాదు కొడుకా, సావు."

మా వైపు సన్నాయి శుభకార్యాలకే. "చావుకి సన్నాయేమిటి?" అన్నాను, కాస్త కోపంగానే.

"గట్లంటవేంది? మేళం లేకుంటె లోపలి దుఃఖం బయటికెట్లొస్తది?"

అమ్మను మేం గోవింద నామం తప్ప మరో చప్పుడు లేకుండా తీసుకెళ్లాం. "మగాడివి, ఏడవకు" అన్నాడు మామయ్య. ఏడవలేదు.

ఇక బస్సులో కూర్చోలేకపోయాను. దిగి, పోయిందెవరో కూడా తెలియకుండా ఆ మేళం వెంట నడిచాను. డప్పు కొడుతున్న పెద్దాయన నన్ను తేరిపార చూశాడు.

"అయ్యా, మీరు ఈళ్లకేమైతరు?"

"ఏమీ కాను. మా అమ్మ పోయింది."

ఆయన చేయి ఆపలేదు. కొడుతూనే అడిగాడు, "అమ్మ పేరేందయ్యా? ఆమె పేరు మీద గూడ ఓ దరువేస్తం."

ఇన్నాళ్లూ పలకరించిన వాళ్లంతా ఏం జబ్బని అడిగారు, వయసెంతని అడిగారు. పేరు ఎవరూ అడగలేదు. చెప్పబోయాను. పేరు రాలేదు, ఏడుపు వచ్చింది.

ఆయన మళ్లీ అడగలేదు. సన్నాయి ఊదేవాడి వైపు తిరిగి తల ఊపాడు. దరువు మారింది.