తాగని మనిషి

మా బాపు రామచంద్రం నీలం నగర్‌లో పవర్‌లూమ్ మీద తువ్వాళ్లు నేస్తాడు. చెయ్యి ఒళ్లో పెట్టుకుంటే కదలదు. తెగిన పోగు అందుకోబోతేనే వణుకుతుంది. ఈమధ్య నడక కూడా తూలుతోంది.

"ఏం కాకా, పొద్దుగాలనే షురూ చేసినవా?" అంటాడు పక్క మగ్గం మంగేశ్.

అమ్మ సాయంత్రం బాపు నోటి దగ్గర వాసన చూస్తుంది. "వాసన రానిది యాడ దొరుకుతుందో," అంటుంది. బాపు ఎన్నడూ చుక్క ముట్టలేదు.

నా కొడుకు శ్రేయస్‌కు మూడేళ్లు దాటినా మాట రాలేదు. మగ్గాల చప్పుడులో పెరిగిన పిల్లలు ఆలస్యంగానే మాట్లాడతారని వాడలో అందరూ అంటే మేమూ ఆగాం. చివరికి వాడి రక్తం పరీక్షకు పంపారు. ఎక్స్ క్రోమోజోమ్ మీది ఒక జన్యువులో మూడక్షరాల ముక్క మళ్లీ మళ్లీ వస్తుంది. వాడిలో అది హద్దు మీరి పెరిగింది. కణం ఆ జన్యువునే మూసేసింది. మెదడులో నరాల కణాల మధ్య అతుకులు కుదరడానికి కావలసిన ప్రొటీన్ తయారవడం లేదు. ఎమ్మెస్సీలో ఇది చదివి పరీక్ష రాసినదాన్ని. డాక్టరు చెబుతుంటే ఏమీ అనిపించలేదు.

"మీ నాన్నగారికి చేతులు వణుకుతాయా?" అని డాక్టరమ్మ అడిగారు.

ఆ ముక్క కొంతే పెరిగిన మగవాళ్లకు పెద్ద వయసులో అలా వణుకు రావచ్చట. బాపు రక్తం పరీక్షలో అదే తేలింది. ఇంటికొచ్చి చెప్పాను.

"నాదేనా వానికి?" అన్నాడు బాపు.

"నీ నుంచి నాకు, నా నుంచి వానికి. తల్లి నుంచి బిడ్డకు పోయేటప్పుడే హద్దు మీరుతది."

"శీతల్‌కు?"

శీతల్ నా చెల్లెలు. కుంభారిలో అత్తగారింట్లో ఉంది. మూడో నెల.

"తండ్రిది కూతుళ్లందరికీ వస్తది, దానికీ ఉంటది బాపు. కడుపుల బిడ్డకు వచ్చిందో లేదో పరీక్ష చేస్తే తెలుస్తది. ఫోన్‌ల చెప్పిన. చేయించుకుంట అన్నది. మన రక్తంల ఇట్లున్నదంటే అత్త ఊకోదు, ఏమని చెప్పి రావాలె అంటుంది."

బాపు తన చెయ్యి చూసుకొని, "నేను చెప్త," అన్నాడు. మర్నాడు మగ్గం ఆపి నాతో బస్సెక్కాడు.

శీతల్ అత్త హర్షద చాయ్ ఇచ్చింది. బాపు చేతిలో కప్పు సాసర్ మీద టకటకలాడింది.

"తాగుడు అలవాటైంది చెల్లె," అన్నాడు. "ఇడిపిస్తమని దవఖానకు రమ్మంటున్నరు. శీతల్ ఎంబడుంటెనే పోత."

"నాకు ఎన్నడో ఎరుకే అన్నా," అందామె. శీతల్ వైపు తిరిగింది. "తోలుకపో. నీ మాటన్న ఇంటడేమో."

శీతల్‌కు పరీక్ష అయింది. ఫలితం ఇంకా రాలేదు.

"కాకా, ఇడిసినవట గద?" అన్నాడు మంగేశ్ నిన్న.

"ఇంకా లేదురా," అని బాపు తెగిన పోగు కోసం చెయ్యి చాచాడు.