పలక పరీక్షలో నేను తప్పిన సంగతి

2025 వానాకాలం మొదట్లో, తాండూరు దగ్గరి ఒక ప్రైవేటు నాపరాయి గనిలో నేను ట్రాన్స్‌పోర్టు ఇన్‌చార్జిగా ఉన్నప్పుడు, మాకు ఒక కొత్త పికప్ ట్రక్కు వచ్చింది. నా ఉద్యోగంలో అదే చివరి కొత్త బండి. ఆ తర్వాత కొన్ని నెలలకు నేనే అడిగి, వయసు మిగిలి ఉండగానే పదవీ విరమణ తీసుకున్నాను. గని పనులు ఎలా ఉంటాయో తెలుసుకోవాలనుకునేవారికి ఆ బండితో జరిగిన ఒక సంగతి పనికొస్తుందని రాస్తున్నాను. నాకు మాత్రం అది రాయడం సులువుగా లేదు.

నేను చదివింది పదో తరగతి. గనిలో చేరింది కాటా గుమాస్తాగా, అంటే లారీలు తూచేచోట బరువులు రాసుకునే పని. పై చదువుల లెక్కలు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఏ వాలులో ఏ బండి ఎంత దూరం పోయి ఆగుతుందో, నేల తడిస్తే ఆ దూరం ఎంత పెరుగుతుందో, సుద్దముక్కతో గీతలు గీసి, టేపు పట్టి కొలిచి, నేనే పట్టికలు కట్టాను. అవి చూసే నన్ను కాటా నుంచి ట్రాన్స్‌పోర్టుకు మార్చారు. చదువు లేనివాడికి అంకెలు ఇచ్చిన కుర్చీ అది. అందుకే వాటి మీద నాకు అంత నమ్మకం.

గని లోపల బండి నడపడానికి మామూలు డ్రైవింగ్ లైసెన్సు చాలదు. బండి రకాన్ని బట్టి మేనేజరు సంతకంతో విడిగా అనుమతి కావాలి. దాన్ని మేము ఆథరైజేషన్ అంటాం. అది చేతికొస్తేనే హెల్పరు డ్రైవరు గ్రేడుకు మారతాడు. నా పోస్టులో ఉన్నవాడికైతే గనిలోని చిన్న బండ్లన్నిటికీ ఆ అనుమతి ఉండి తీరాలి. లేకపోతే ఆ కుర్చీలో కూర్చునే అర్హత పోతుంది.

అనుమతికి ముందు పెట్టే పరీక్షను డ్రైవర్లు పలక పరీక్ష అనేవారు. అది నేను తయారు చేసిందే. గుంతలోంచి పైకి వచ్చే ర్యాంపు మధ్యలో బండిని ఆపించి, వెనక చక్రానికి జానెడు దూరంలో ఒక పల్చటి నాపరాయి పలకను నిలబెడతాం. పరీక్షించేవారు జెండా దించగానే బండి పైకి కదలాలి. వెనక్కి జారి పలకను పడగొట్టినా విరగ్గొట్టినా తప్పినట్టే. మళ్ళీ పదిహేను రోజుల దాకా ఇంకో అవకాశం ఉండదు. పక్షపాతం మాట రాకుండా పరీక్ష షిఫ్టు మారే వేళ, అందరి ముందూ జరగాలన్నది కూడా నేను పెట్టిన నియమమే. ఇంజన్ ఆగిపోతే రెప్పపాటులో లేపగలిగినవాడే డ్రైవరని అందరికీ చెప్పేవాణ్ణి.

కొత్త ట్రక్కు మైల్డ్ హైబ్రిడ్. అంటే పూర్తిగా కరెంటు మీద నడిచేది కాదు. నడిపేది డీజిల్ ఇంజనే. దానికి బెల్టుతో ఒక చిన్న మోటారు తగిలించి ఉంటుంది. బయలుదేరేటప్పుడు మోటారు కొంచెం ముందుకు తోస్తుంది. యాక్సిలరేటరు మీద కాలు తీస్తే, బండి ఊపును కరెంటుగా మార్చి బ్యాటరీలో వేసుకుంటుంది. అందువల్ల పాత బండి కన్నా కాస్త ముందే వేగం తగ్గుతుంది. ఇక బ్రేకు తొక్కి నిలబెట్టినప్పుడు ఇంజన్ తనంతట తానే ఆగుతుంది, బ్రేకు వదలగానే తనే లేస్తుంది. గేర్లు కూడా అవే మారతాయి.

వేగం తగ్గే తేడాను నేను త్వరగానే లెక్క కట్టాను. పాత బండిలో కాలు తీసే గుర్తులన్నీ కొంచెం ముందుకు జరిపాను, పట్టిక సరిపోయింది. ఇంజన్ ఆగిపోవడమే నాకు మింగుడుపడలేదు. నేను బండిని చెవితో నడిపేవాణ్ణి. చప్పుడు ఆగితే గుండె ఝల్లుమనేది. ఆ సదుపాయాన్ని ఆపి ఉంచే మీట ఒకటి డాష్‌బోర్డు మీద ఉంది. రోజూ పొద్దున బండి తీయగానే ముందు అది నొక్కి, ఆ తర్వాతే నడిపేవాణ్ణి. మూడు వారాలు గని బయటి రోడ్ల మీద అలాగే తిరిగి, కొత్త బండి చేతికి వచ్చేసిందని మేనేజరుకు చెప్పాను. ఒకసారి బండి ఆర్పి మళ్ళీ తీస్తే ఆ మీట మొదటి స్థితికి వచ్చి, ఇంజన్ మళ్ళీ తనంతట తానే ఆగుతుందని తెలిసే చెప్పాను.

పరీక్ష రోజున పరీక్షించే పని సేఫ్టీ ఆఫీసరు సుగుణకు పడింది. నన్ను నేను పరీక్షించుకోకూడదు కదా. సుగుణది పూడూరు వైపు కూలి చేసుకుని బతికిన కుటుంబం. మైనింగ్ డిప్లొమా చేసి వచ్చింది. మాట తక్కువ, రాత ఎక్కువ. ముందు కిష్టయ్య వంతు. అతను మా దగ్గర చాలా ఏళ్లుగా ట్రాక్టరు మీద హెల్పరు. పాత జీపు మీద పెట్టిన పరీక్షలో నేనే అతన్ని రెండుసార్లు ఫెయిల్ చేశాను. ఈసారి పలక కదలలేదు. దిగి పక్కకు పోయి ఇంటికి ఫోన్ చేసుకున్నాడు.

తర్వాత నేను ఎక్కాను. పైన రెండు షిఫ్టుల వాళ్లూ నిలబడి చూస్తున్నారు. అంతమంది కళ్లు మీద ఉండేసరికి ఆ మీట సంగతే మరిచిపోయాను. ర్యాంపు మధ్యలో బ్రేకు తొక్కి నిలబెట్టాను. ఇంజన్ ఆగింది. అది తన పని తాను చేసింది. నా చేయి నన్ను అడగకుండానే స్టార్టు బటన్ నొక్కింది. నిద్రపోతున్న ఇంజన్ మీద ఆ బటన్ నొక్కితే అది లేవదు, బండి మొత్తం ఆరిపోతుంది. అదీ తెలియక, ఇంజన్ అందుకుందనుకుని బ్రేకు మీది కాలు యాక్సిలరేటరు మీదికి మార్చాను. బండి వెనక్కి జారింది. హ్యాండ్ బ్రేకు లాగేలోపు పలక విరిగిన చప్పుడు వినిపించింది.

ఎవరూ నవ్వలేదు. డంపరు నడిపే బసప్ప మాత్రం పక్కవాడితో, నాకు వినపడేటట్టే అన్నాడు.

“సారు పెట్టిన పలకనే సారును గుర్తువట్టలేదు సూడు.”

నేను దిగి జేబులోంచి టేపు తీశాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ ముఖం వేడెక్కుతుంది. అందరి ముందూ మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని, చక్రం మొదట ఆగిన గుర్తు నుంచి పలక మొదలుదాకా కొలిచాను. జానెడుకు ఒక్క వేలు తక్కువున్నా పరీక్ష చెల్లదని వాదించవచ్చని నా ఆశ.

“జానెడే ఉంటది సార్,” అంది సుగుణ. “ఆ గుర్తు మీరే పెట్టిన్రు.”

జానెడే ఉంది. నేను లేచి మోకాళ్లు దులుపుకుని, ఇంజన్ దానంతటదే ఆగిపోయింది, బండిలో లోపం ఉంది, లోపమున్న బండి మీద పెట్టిన పరీక్ష చెల్లదు అన్నాను. లోపం లేదని నాకు తెలుసు. ఆ మీటను మూడు వారాలు నొక్కినవాణ్ణి నేనే.

కిష్టయ్య ముందుకు వచ్చాడు. “గట్లయితే జరసేపటి కింద నేను పాసైంది గూడ చెల్లదా సార్?”

చెల్లుతుందంటే నా వాదన నిలవదు. చెల్లదు అన్నాను.

“ఇంట్ల ఫోన్ చేసి చెప్పిన సార్ నేను,” అన్నాడు.

సుగుణ నన్ను పక్కకు పిలిచి, జర ఆలోచించుకొని చెప్పున్రి సార్, కాగితం మీద ఎక్కినంక నేను తీయలేను, అంది. రాయమన్నాను. పక్కన నిలబడి ఒక్కో వాక్యం చెప్పి రాయించాను. మేనేజరు చదివి, బండిని వికారాబాదులోని సర్వీసు సెంటరులో చూపించి రిపోర్టు తెచ్చేదాకా ఇద్దరి ఫలితాలూ ఆపమన్నాడు. సర్వీసు సెంటరు వాళ్లు చెప్పిన తేదీకి దాదాపు రెండు వారాలు ఆగాల్సి వచ్చింది. ఆ రోజులన్నీ కిష్టయ్య మళ్ళీ ట్రాక్టరు మీద హెల్పరే. బయటి రోడ్డు మీదికి మామూలు లైసెన్సు చాలు కాబట్టి, బండిని కిష్టయ్య నడపాలనీ, ఫిర్యాదు చేసినవాణ్ణి కనుక నేను వెంట వెళ్లాలనీ మేనేజరు రాశాడు. ఆ ఆర్డరులో తప్పుపట్టడానికి నాకేమీ దొరకలేదు.

సర్వీసుకు వెళ్లే రోజు పొద్దున నేను ఎడమవైపు సీట్లో కూర్చున్నాను. తాండూరు దాటాక రైల్వే గేటు పడింది. కిష్టయ్య బండి ఆపాడు, ఇంజన్ ఆగింది. నా చేయి అప్పటికే బటన్ వైపు సగం దూరం పోయింది.

“పండుకున్నది సార్, పండుకోనియ్యున్రి,” అన్నాడు. “గేటు లేస్తే అదే లేస్తది.”

గేటు లేచింది. అతను బ్రేకు వదిలాడు. అద్దంలో నీడ కదిలినంత మెత్తగా బండి సాగింది. ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను.

“బండి దెచ్చిన దినం షోరూం పిలగాడు చెప్పిండు గద సార్, అందర్ని నిలవెట్టి. మీరు గప్పుడు టైర్లల్ల గాలి సూస్తున్రు.”

నిజమే. ఆ రోజు నాలుగు టైర్ల గాలినీ కొలిచి, కంపెనీ చెప్పిన అంకెతో సరిపోయిందని తృప్తి పడ్డాను. ధారూరు దాటి అనంతగిరి ఘాటు రోడ్డు ఎక్కాం.

సర్వీసు సెంటరులో మెకానిక్ కంప్యూటరు తగిలించి చూశాడు. లోపమేదీ లేదన్నాడు. ర్యాంపు మీద ఏం జరిగిందో నేను చెప్పాను. ఇంజన్ ఆగింది, బటన్ నొక్కడం జరిగింది, బండి ఆరిపోయింది అన్నాను. ఎవరు నొక్కారో చెప్పలేదు. అతను తిన్నగా కిష్టయ్య వైపు తిరిగాడు. స్టీరింగు దగ్గర నుంచి దిగింది అతనే కదా.

“ఏం పెద్దమనిషీ, చప్పుడు బందైతే పరేషాన్ అయినవా? గా బటన్ ఒత్తితే బండి మొత్తం బందైతది. కొత్తల అందరు ఒత్తుతరు తియ్, ఫికర్ చెయ్యకు. ఇటు రా, సూపిస్త.”

కిష్టయ్య నా వైపు చూడలేదు. అతనితో పాటు బండెక్కి కూర్చుని, తనకు వచ్చిన పాఠాన్నే మళ్ళీ మొదటి నుంచీ విన్నాడు. సరే అన్నా, గట్లనే అన్నా, అంటూ తలూపాడు. నేను కిటికీ పక్కనే నిలబడి చూస్తూ ఉండిపోయాను. రిపోర్టులో డ్రైవరు పొరపాటు అని రాసి, డ్రైవరు పేరేమిటని మెకానిక్ అడిగినప్పుడు, కిష్టయ్య మొదటిసారి నన్ను చూశాడు. అప్పుడు నా పేరు చెప్పాను. మెకానిక్ నన్నూ అతన్నీ మార్చి మార్చి చూసి, మరి ఇంతసేపు ఆయనకెందుకు చెప్పిచ్చిన్రు సార్, అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఘాటు దిగాక అన్నాను, నీ పాసు పాసే కిష్టయ్యా, సాయంత్రమే కాగితం రాయిస్తాను అని.

“రాయిచ్చున్రి సార్. ఇంట్ల పాసైన అని ఒకసారి చెప్పిన, కాలే అని ఇంకోసారి చెప్పిన. ఇగ కాగితం చేతికొచ్చినంకనే చెప్త.”

సాయంత్రం రిపోర్టు ఇచ్చి, నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు రాసి సంతకం పెట్టాను. కిష్టయ్య ఆథరైజేషన్ మర్నాడు వచ్చింది. గ్రేడు కూడా ఆ రోజు నుంచే లెక్కకు వచ్చింది. పరీక్ష రోజు నుంచి ఇవ్వమని నేను అడిగాను. సంతకం తేదీకి ముందు రోజుల నుంచి గ్రేడు ఇవ్వకూడదని నేను ఏనాడో పెట్టించిన నియమాన్నే మేనేజరు చూపించాడు. పోయిన రోజులు పోయినట్టే.

నా పదిహేను రోజుల గడువు కూడా పూర్తికావచ్చింది. ఈసారి పరీక్ష తెల్లవారుజామున, ఎవరూ లేనప్పుడు పెట్టమని సుగుణను అడిగాను. ఇది కూడా దాచడం లేదు.

“కిష్టయ్య అడిగితే మీరు ఒప్పుకుందురా సార్?” అంది.

షిఫ్టు మారే వేళకే ర్యాంపు ఎక్కాను. ఇంజన్ ఆగింది. రెండు చేతులూ స్టీరింగు మీద బిగించి, జెండా దిగేదాకా ఆ నిశ్శబ్దంలో కూర్చున్నాను. కాలు ఎత్తగానే ఇంజన్ లేచింది, బండి పైకి కదిలింది. పలక నిలిచింది. అనుమతి వచ్చింది, కుర్చీ నిలిచింది. బసప్ప ఏమైనా అంటాడేమోనని చూశాను. అతను తన డంపరు వైపు నడుస్తున్నాడు. నా పరీక్ష పూర్తిగా చూడనే లేదు.

ఆ వారంలోనే పరీక్ష పెట్టే పనిని సుగుణకు శాశ్వతంగా అప్పగించమని మేనేజరుకు రాసి ఇచ్చాను. నియమాల్లో ఒకటి కొత్తగా చేర్పించాను. పరీక్షలో తప్పినవారు బండి మీద గానీ, పరీక్ష మీద గానీ ఫిర్యాదు చేయదలిస్తే, దాన్ని ఆ రోజు తీసుకోకూడదు, మర్నాడు తీసుకోవాలి. అప్పటికి వచ్చిన ఫలితాలు వేటినీ ఈలోగా ఆపకూడదు. తప్పిన మనిషి అప్పటికప్పుడు చెప్పే కారణం తన ముఖం కాపాడుకోవడానికి చెప్పేది. అంకెలు బాగా తెలిసినవాడైతే దాన్ని అంకెలతో చెబుతాడు, వినేవాళ్లకు అది నిజంలాగే ఉంటుంది. ఆ నియమం ముందే ఉండి ఉంటే కిష్టయ్యకు ఆ రోజులు నష్టమయ్యేవి కావు. ఒక రాత్రి గడిచాక నేను ఆ ఫిర్యాదు ఇచ్చి ఉండేవాణ్ణి కాదని అనుకుంటాను. కచ్చితంగా చెప్పలేను.