అమ్మ ముద్దలు చిన్నవైన ఏడు

మనవలకు రాగి సంగటి కెలుకుతుంటే, ఆ ఆవిరికి నాకు అమ్మే గుర్తొస్తుంది. మా క్యాసంబళ్ళిలో సంగటిని నమలరు, ముద్ద చేసి పులుసులో ముంచి మింగుతారు. నా చిన్నప్పుడు ఒక ఏడు అమ్మ ముద్దలు నిమ్మకాయంత, తర్వాత రేగుపండంత అయ్యాయి. నాతో బొమ్మలాట ఆడుతోందని మురిసిపోయాను.

“ఏం మే, రాగులు మిగిలిస్తాండావా?” అని నాన్న ఎగతాళి చేసేవాడు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. పులుసు కారం తగిలితే మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

చివరికి కేజీఎఫ్‌లో డాక్టరు దగ్గరికి వెళ్ళాం. అమ్మ నోట్లో రెండు వేళ్ళు కూడా పట్టలేదు. ఆయన టార్చి వేసి బుగ్గ లోపల చూశాడు.

“ఈ పుండు ఎన్నాళ్ళుగా ఉండాది తల్లీ? ముక్క తీసి పరీక్షకు పంపాల. వక్కతో వచ్చే క్యాన్సరేమోనని అనుమానం.”

బయట బెంచీ మీద అమ్మ నన్ను ఒళ్ళోకి లాక్కుని, “నోరు తెరువు పాపా” అంది. వేలు పెట్టి నా బుగ్గల లోపలంతా తడిమింది.

“పళ్ళు లెక్క పెడతాండావా మా?” అని నవ్వాను.

అమ్మ ఇంకోసారి తడిమింది.

తను ఆకు వక్క వేసుకున్నప్పుడల్లా నా నోట్లోనూ ఒక వక్క పలుకు పెట్టేది. ఆ రోజు ఆ వేలు నా బుగ్గల్లో ఏం వెతికిందో నాకు పిల్లలు పుట్టాక గాని తెలియలేదు.