మత్తు డాక్టరు సూర్యకళ గారి ముహూర్తం

మత్తు డాక్టర్లను ఎవరూ గుర్తుపెట్టుకోరు. వాళ్ల మొహం చూసిన కాసేపటికే పేషెంటు నిద్రపోతాడు. లేచేసరికి ఎదురుగా సర్జన్ గారు నవ్వుతూ నిలబడి ఉంటారు. పేషెంటు వాళ్లు తెచ్చే పూతరేకుల పెట్టె ఆయన చేతికే వెళుతుంది. రామచంద్రపురం నర్సింగ్ హోమ్‌లో నర్సుగా పనిచేసిన నాకు అది చూసినప్పుడల్లా ఒళ్లు మండేది. సూర్యకళ గారికి మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

ఆవిడ సముద్రం ఒడ్డున చేపలు పట్టే కుటుంబంలో పుట్టి, కాకినాడలో డాక్టరు చదివిన మనిషి. కైనెటిక్ హోండా మీద మందుల పెట్టెతో ద్రాక్షారామం, మండపేట, రామచంద్రపురం తిరుగుతూ, ఎవరు పిలిస్తే వాళ్ల ఆపరేషన్‌కి మత్తు ఇచ్చేవారు. మాట తక్కువ, మొండితనం ఎక్కువ.

తొంభై ఎనిమిదిలో ఒక కార్తీక సోమవారం, పిత్తాశయంలో రాళ్లున్న మహాలక్ష్మమ్మ గారిని ఆపరేషన్‌కి తెచ్చారు. కొడుకు బంగార్రాజు గారు పెద్ద రైతు. పది గంటల్లోపు మొదలవ్వాలని సిద్ధాంతి గారి చేత ముహూర్తం కూడా పెట్టించుకొచ్చారు. మేం పరగడుపున రమ్మన్నాం. ఆవిడ దానికి సోమవారం ఉపవాసం కూడా కలిపేసి, ముందురోజు పొద్దుటి నుంచే చుక్క నీళ్లు ముట్టలేదట. అంతకుముందు రెండు రోజులూ వాంతులు. ఇదంతా ఇంటిల్లిపాదీ గర్వంగా చెప్పారు!

సూర్యకళ గారు ఆవిడ నాలుక చూశారు, నాడి పట్టుకున్నారు. "ఇప్పుడు మత్తు ఇవ్వనండి" అన్నారు.

సర్జన్ గారికి చిరాకొచ్చింది. "రోజూ ఇచ్చే థయోపెంటోన్ మత్తుమందే కదండీ! మీరు ఇవ్వకపోతే కాకినాడ నుంచి ఇంకొకర్ని పిలుస్తాను. ఇక మీదట కూడా వాళ్లనే."

ఆవిడ బంగార్రాజు గారి వైపు తిరిగారు. "ఆ మందు నరంలోకి వెళ్లగానే రక్తనాళాలు వదులవుతాయండి. రక్తం కాళ్లలో, పొట్టలో నిలిచిపోయి గుండెకి తక్కువ చేరుతుంది. గుండె పిండే జోరూ తగ్గుతుంది. మామూలు మనిషికైతే గుండె వేగంగా కొట్టుకుని నెట్టుకొస్తుంది. మీ అమ్మగారి గుండె ఇప్పటికే పరిగెడుతోంది, ఒంట్లో నీళ్లు లేవు. ఇప్పుడిస్తే బీపీ పడిపోయి, ఇక లేవకపోవచ్చు. ముందు సెలైన్ ఎక్కాలి."

"మరి ముహూర్తమండీ?" అన్నారాయన.

"పెళ్లిలో ముహూర్తానికి జీలకర్ర బెల్లం పెడతారా, భోజనాలు వడ్డిస్తారా?"

"జీలకర్ర బెల్లమేనండి."

"ఈ సెలైన్ సూదే మన జీలకర్ర బెల్లం. ముహూర్తానికి గుచ్చేస్తాను. భోజనాలు కాస్త ఆలస్యమైతే ఏంటండి?"

"గుచ్చమ్మా, గుచ్చు" అన్నారు బల్ల మీద నుంచి మహాలక్ష్మమ్మ గారు. సర్జన్ గారు గడియారం చూసుకుని కుర్చీలో కూర్చున్నారు.

సీసాలు ఎక్కాయి. నాడి నెమ్మదించింది, నాలుక తడిసింది. అప్పుడు గాని సూర్యకళ గారు సిరంజి పట్టలేదు. కొంచెం తోయడం, ఆగడం, నాడి చూడడం, మళ్లీ కొంచెం. బీపీ చూస్తున్నది నేనే. కాస్త దిగింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. దిగిందల్లా ఆగి, మెల్లగా మళ్లీ పైకొచ్చింది! చప్పట్లు కొట్టాలనిపించింది గానీ చేతులు ఖాళీగా లేవు.

మధ్యాహ్నం మహాలక్ష్మమ్మ గారు కళ్లు తెరిచేసరికి సర్జన్ గారు అలవాటు ప్రకారం ఎదురుగా నిలబడి నవ్వుతున్నారు. ఆవిడ చూపు ఆయన్ని దాటి, గుమ్మం దగ్గర పెట్టె సర్దుకుంటున్న సూర్యకళ గారి మీద ఆగింది.

"భోజనాలెప్పుడమ్మా?" అన్నారు.

గదంతా నవ్వింది. నేనైతే ఏడ్చేశాను కూడా. ఆ సాయంత్రం పూతరేకుల పెట్టె మొదటిసారి కైనెటిక్ హోండా ఎక్కింది.