తొండం ముగియని ఏనుగు

నేను పుట్టుకతోనే అనుమానం మనిషిని. పాలవాడు గిన్నెలో పాలు పోస్తుంటే నేను పాలను చూడను, వాడి ముఖం చూస్తాను. మా ఆయన రేణిగుంట ఫ్యాక్టరీ నుంచి పెందలాడే ఇంటికొస్తే ఎందుకొచ్చాడా అని, ఆలస్యమైతే ఎందుకు రాలేదా అని ఆలోచిస్తాను. యూనివర్సిటీలో టైపు కొట్టే ఉద్యోగం కాదు, రైల్వే స్టేషన్లో పెట్టెలు సోదా చేసే ఉద్యోగం నీకు సరిగ్గా సరిపోయేది అని ఆయన ఎగతాళి చేసేవాడు. ఈ గుణం వల్ల నాకు నష్టం కంటే లాభమే ఎక్కువని ఇప్పటికీ నా నమ్మకం. ఒక్క ఏనుగు విషయంలో మాత్రం అది నన్ను ముప్పుతిప్పలు పెట్టింది.

తొంభైల చివరి మాట ఇది. తిరుపతి కొర్లగుంటలో ఒక ఇంటి వెనక పోర్షన్లో అద్దెకుండేవాళ్ళం. ముందు పోర్షన్లో ఆసుపత్రి నర్సు ఒకామె ఉండేది. నేను అక్కా అని పిలిచేదాన్ని. డ్యూటీ లేని పూట మెట్ల మీద కూర్చుని ఊలుతో చిన్న చిన్న బొమ్మలు అల్లేది. కుందేళ్ళు, కోడిపిల్లలు, అరచేతిలో పట్టే ఎలుగుబంట్లు. ఇప్పటి పిల్లలు వాటికి అమిగురుమి అని జపాను పేరు చెబుతున్నారు కానీ, మాకు అప్పుడవి క్రోషా బొమ్మలే. చివర చిన్న కొక్కెం ఉన్న సూది ఒకటి, ఊలు ఉండ ఒకటి, లోపల కూరడానికి గుప్పెడు బూరుగు దూది ఉంటే చాలు. పుట్టినరోజులకూ గృహప్రవేశాలకూ అక్క స్టీలు గిన్నెలు కొనుక్కుపోయే రకం కాదు. ఒక బొమ్మ తీసుకెళ్ళి చేతిలో పెట్టి, కడుపునిండా తిని వచ్చేది.

నాకు సూది పట్టించింది ఆమే. దానికో కారణం ఉంది. మొదటి కాన్పుకు చిత్తూరులో పుట్టింటికి పోయినప్పుడు ఒక సంచి తీసుకుపోయాను. దాని నిండా బిడ్డకని కుట్టించిన గౌన్లు, టోపీలు, పొత్తిగుడ్డలు. పోయిన కొన్నాళ్ళకే బిడ్డ కడుపులోనే పోయింది. సంచి మాత్రం మడత విప్పని బట్టలతో నాతోపాటే తిరుపతికి తిరిగొచ్చింది. రెండోసారి నెల తప్పాక నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతనయ్యేది కాదు. బిడ్డ కదిలితే భయం, కదలకపోతే ఇంకా భయం. చేతులకు పని పెట్టు, మనసు కొంచెం ఊరుకుంటుంది అని అక్క తన సూదుల్లో ఒకటి నాకిచ్చింది.

ఆరో నెలలో మా అత్త కార్వేటినగరం దగ్గర పల్లె నుంచి వచ్చింది. సన్నటి మనిషి, మాట తక్కువ, చెయ్యి మాత్రం ఊరుకోదు. ఆమెది ఎడమచేతి వాటం. ఊడ్చేది, తోమేది, నూరేది అంతా ఎడమచేత్తోనే. అన్నం తినేటప్పుడు, ఎవరికైనా ఏదైనా ఇచ్చేటప్పుడు మాత్రం కుడిచెయ్యి వాడేది. ఆ రెండూ చిన్నప్పుడు దెబ్బలు తిని నేర్చుకున్నవని ఒకసారి తనే చెప్పింది.

వచ్చిన రోజే షరతు పెట్టింది. బిడ్డ పుట్టి ఏడ్చేదాకా బిడ్డ పేరు మీద ఇంట్లోకి గుడ్డపీలిక కూడా రాకూడదు. ఉయ్యాలకు కొక్కెం కూడా కొట్టకూడదు. మా పక్క చాలా ఇళ్ళల్లో ఈ పట్టింపు ఉన్నదే, నాకు కొత్తేమీ కాదు. కానీ అటక మీదున్న ఆ పాత సంచిని నన్నొక మాట అడగకుండా ఎవరికో ఇచ్చేసింది. నాకు ఒళ్ళు మండింది. పైకి మాత్రం సరే అత్తా అన్నాను.

ఆ వారమే ఏనుగును మొదలుపెట్టాను. గాంధీ రోడ్డంతా తిరిగినా బూడిద రంగు ఊలు దొరకలేదు, పసుపు రంగుది తెచ్చుకున్నాను. ఎవరికి అని అత్త అడిగితే, ఆఫీసులో ఒకామె బిడ్డ పుట్టినరోజుకని అబద్ధమాడాను. అత్త ఊలును చూసింది, నన్ను చూసింది. పసుపు ఏనుగు యాడుండాది మే అని మాత్రం అడిగి లోపలికి పోయింది. ఆ చూపు నాకు నచ్చలేదు.

ఏనుగులో కాళ్ళు, చెవులు, ఒళ్ళు విడివిడిగా అల్లుకుని కుట్టేయవచ్చు. తల మాత్రం వెనక నుంచి మొదలుపెట్టి చుట్టూ చుట్టూ అల్లుకుంటూ వస్తే ముందుకొచ్చేకొద్దీ సన్నబడి అదే తొండం అవుతుంది. తొండం కొసన ముడి వేసి దారం కత్తిరిస్తే బొమ్మ ముగిసినట్టు. అంతదాకా ఆఖరి కుట్టు ఊడిపోయేట్టే ఉంటుంది. దారం పట్టి లాగితే వరసకు వరస జారిపోతుంది. అందుకే పని ఆపినప్పుడల్లా ఆ కుట్టుకు ఒక పిన్నీసు తగిలించి పెడతాం.

మిగతా ఏనుగంతా చకచకా తయారైంది. తొండం దగ్గరే వచ్చింది చిక్కు. ఒకరోజు సాయంత్రం చూపుడువేలంత అల్లి పెట్టాను. మర్నాడు ఆఫీసు నుంచి వచ్చి చూస్తే వేలి నడిమి కణుపు దాకానే ఉంది. నేనే పొరపాటు పడ్డానేమో అనుకుని మళ్ళీ అల్లాను. మర్నాడు మళ్ళీ పొట్టిదైంది. బుట్టలోని ఊలు ఉండ మాత్రం కాస్త లావెక్కింది.

మొదట పిల్లిని అనుమానించాను. మేడ మీదివాళ్ళ పిల్లి మా వంటింటి కిటికీలోంచి వచ్చిపోతుండేది. కానీ ఏ పిల్లీ దారం పీకి, ఉండకు చక్కగా చుట్టి, ఆఖరి కుట్టుకు పిన్నీసు పెట్టి పోదు. తర్వాత మా ఆయన్ని అనుమానించాను. నన్ను ఏడిపించడం ఆయనకు సరదా. నిలదీస్తే కొండ వైపు తిరిగి దండం పెట్టి, ఏనుగు జోలికి పోలేదని ఒట్టేశాడు. ఆయన ఒట్లను నేను అంత తేలిగ్గా నమ్మను కానీ, పిన్నీసు సంగతి గుర్తొచ్చి వదిలేశాను. బనియన్ చిరిగితే పిన్నీసు ఎటువైపు గుచ్చాలో తెలియని మనిషి ఆయన.

ఇక మిగిలింది అక్క. మధ్యాహ్నం పూట అత్తకు బీపీ చూడటానికి మా ఇంటికి వచ్చేది. ఇంటిచుట్టుపక్కల ఈ పని తెలిసింది ఆమెకే. నా అల్లిక బాగాలేదని విప్పుతోందా, శిష్యురాలు తన కంటే ముందు ఏనుగు చేసేస్తోందని కడుపుమంటా? నాకు తట్టని కారణం లేదు. రెండు రోజులు ఆమెతో ముభావంగా ఉండి, మూడోరోజు మాటల్లో పెట్టి అడిగాను. అక్క నొచ్చుకోలేదు. ఏనుగును తెప్పించుకుని పిన్నీసు దగ్గర పరీక్షగా చూసింది. తను ముట్టుకోలేదని, కానీ విప్పినవాళ్ళు ఎవరో పని తెలిసినవాళ్ళేనని చెప్పింది. వరస మధ్యలో ఎక్కడపడితే అక్కడ ఆపలేదట. వరస ఎక్కడ మొదలవుతుందో సరిగ్గా అక్కడ ఆపి పిన్నీసు పెట్టారట.

పగలు ఇంట్లో ఉండేది అత్త ఒక్కతే. క్రోషా అల్లడం నీకు వచ్చా అని అంతకుముందే అడిగితే, మాకవన్నీ యాడొస్తాయి అంది.

అప్పటిదాకా నాది ఉత్త పట్టుదల. ఆ సాయంత్రం నుంచి అది భయమైంది. సంచిని ఇచ్చేసింది, ఉయ్యాల కొక్కెం వద్దంది, ఇప్పుడు బొమ్మను విప్పేస్తోంది. ఈ బిడ్డ కూడా దక్కదని ఆమె మనసులో ఖాయం చేసుకుందేమో. లేదా దక్కకూడదని కోరుకుంటోందేమో. అలాంటి ఆలోచన నాకెలా వచ్చిందని ఇప్పుడు ఎవరైనా అడగవచ్చు. ఒకసారి బిడ్డను పోగొట్టుకున్నవాళ్ళు అడగరు. ఆమె వడ్డించిన అన్నం రెండు ముద్దలు తిని లేచిపోయేదాన్ని. నాలుగురోజుల పాటు నేనామెను నిజంగానే అసహ్యించుకున్నాను.

ఒకరోజు తలనొప్పి అని చెప్పి మధ్యాహ్నమే ఆఫీసు నుంచి బయటపడ్డాను. ఆటో సందు మొదట్లోనే దిగి, చెప్పులు చేత పట్టుకుని పెరటి వైపు నుంచి వచ్చాను. అత్త వంటింటి గడప దగ్గర వెలుతురులో కూర్చుని ఉంది. ఒళ్ళో ఏనుగు, పెదాల మధ్య పిన్నీసు. దారం మెల్లగా లాగుతూ ఉండకు చుడుతోంది. నన్ను చూసి ఉలిక్కిపడలేదు, దాచుకోనూ లేదు. ఆ వరస అయ్యేదాకా విప్పి, పిన్నీసు పెట్టి, అప్పుడు తలెత్తింది.

"ఎవురి బిడ్డకో చేసే బొమ్మ అది. నీకేం అడ్డమొచ్చింది అత్తా?" అన్నాను.

"ఎవురి బిడ్డకో అయితే, దాన్ని నీ కడుపు మీద పెట్టుకోని ఎందుకు కొలస్తా ఉండావు?"

సాయంత్రాలు గోడకు ఆనుకుని నేను చేసే పని ఆమె చూసిందని నాకు తెలియదు. సిగ్గేసింది, సిగ్గుతో పాటే కోపమూ వచ్చింది. ఈ బిడ్డ కూడా రాదనుకుంటా ఉండావా అని అడిగేశాను. అడుగుతూనే ఏడ్చేశాను.

అత్త నన్ను దగ్గరికి తీసుకోలేదు, ఆమెకు అలవాటు లేదు. ఏనుగును బుట్టలో పెట్టి, దాన్నే చూస్తూ మాట్లాడింది.

"ముగిస్తే బిడ్డకని చేసినట్టయితాది. ముగీకుంటే ఇంగా ఏమీ చేయలేదనే కదా. నువ్వు అల్లుకో, నేను వద్దనలా. ముగించొద్దు, అంతే."

అంత భయమైతే ఎక్కడైనా పారేయవచ్చు కదా అన్నాను.

"ఎట్ల పారేస్తా? నువ్వు ఆశపడి చేస్తా ఉండేది."

కోపం సగం దిగిపోయింది. అనుమానం మాత్రం దిగలేదు. వరస ఎక్కడ ఆపాలో నీకెలా తెలుసని అడిగాను. రోజూ సూస్తా ఉంటే రాదా అని, బిందె తీసుకుని కొళాయి దగ్గరికి పోయింది. నేను ఎన్ని వారాలు అక్క పక్కన కూర్చుని చూస్తే వరస మొదలు కనిపెట్టడం వచ్చిందో నాకు తెలుసు. చూస్తే వచ్చే పని కాదది. అయినా అంతకంటే గట్టిగా అడగడానికి ఆ పూట నాకు ఓపిక లేదు.

ఆ తర్వాత కాన్పు దాకా మా ఇద్దరికీ అదొక ఏర్పాటైపోయింది. దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. సాయంత్రం నేను అల్లేదాన్ని, మధ్యాహ్నం ఆమె విప్పేది. నాకు కాళ్ళవాపులొచ్చి తక్కువ అల్లినరోజు ఆమె తక్కువ విప్పేది. ఒకరోజు అసలు అల్లకపోతే, ఈ పొద్దు ఎందుకు పట్టుకోలేదని నన్నే అనుమానంగా అడిగింది. అనుమానం అంటురోగమేమో అనుకున్నాను. ఊలు విప్పీ అల్లీ విప్పీ అల్లీ నూగు లేచిపోయింది. మా ఆయన ఏనుగును ఎత్తి చూసి, ఎన్నాళ్ళయినా దీనికి తొండం మొలవదేమని నవ్వేవాడు. మేమిద్దరం నవ్వేవాళ్ళం కాదు.

ఆడపిల్ల పుట్టింది. గట్టిగా ఏడ్చింది. ఆసుపత్రిలో ఆ ఏడుపు విని నేను ఏడుస్తుంటే, అత్త వరండాలో గోడ వైపు తిరిగి నిలబడిందని తర్వాత అక్క చెప్పింది.

ఇంటికొచ్చిన రోజు అక్క గుమ్మంలో దిష్టి తీసింది. లోపలికి పోతే నా మంచం మీద దిండు పక్కన ఏనుగు ఉంది. తొండం పూర్తయింది. కొస పైకి వంకర తిరిగి ఉంది, కత్తిరించిన దారం బయటికి కనపడకుండా లోపలికి తోసి ఉంది. అంత నున్నటి కొస నాకు చేతకాదు. సంతోషం కంటే ముందు నాకు రోషమొచ్చింది. నేను ఇన్నాళ్ళు కాచుకున్నది, ఆఖరి ముడి నా చేత్తో వేసుకోవాలని కదా. అక్క పనే అనుకుని ఆమె వైపు చూశాను.

అక్క తొండాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూసి, తనది కాదంది. నన్నూ చూడమంది. కుడిచేత్తో అల్లేవాళ్ళ కుట్లు ఒకవైపుకు వాలి ఉంటాయట. సగం తొండం దాకా నావి అలాగే ఉన్నాయి. అక్కణ్ణించి కొస దాకా కుట్లు రెండోవైపుకు వాలి ఉన్నాయి. ఎడమచేతివాళ్ళు అల్లితేనే అట్లా వస్తుందంది అక్క.

ఇద్దరం ఒకేసారి తల తిప్పాం. అత్త వంటింట్లో నేలమీద కూర్చుని నా పథ్యం కోసం మిరియాలు నూరుతోంది. పొత్రం ఎడమచేతిలో ఉంది. అక్క ఏదో పని గుర్తొచ్చినట్టు వెళ్ళిపోయింది.

ఎప్పుడు నేర్చుకున్నావత్తా అని అడిగాను. చిన్నప్పుడట. బళ్ళో టీచరమ్మ ఒకామె నేర్పిందట. ఎడమచెయ్యి అని అందరూ కొడుతుంటే, ఆయమ్మ ఒక్కతే కొట్టకుండా, తిరగేసి అల్లడం నేర్పిందట. మరి ఇన్నేళ్ళు ఎందుకు మానేశావు అన్నాను. నూరడం ఆగింది.

"మొదటి బిడ్డకు చిలకను చేసినా. కాన్పుకు ముందే. ముక్కు గూడా పెట్టి ముగించేసినా."

"ఈయనకా?" అన్నాను.

"వానికి ముందు."

బయట వరండాలో మా ఆయన పక్కింటివాళ్ళకు లడ్డూలు పంచుతూ, ఇంటికి పెద్దకొడుకు, పెద్దబిడ్డ తనేనని, కాబట్టి ఈ ఇంటి మొదటి మనవరాలికి పేరు తనే పెడతానని గొప్పగా చెబుతున్నాడు. అత్త ఆ మాటలు విన్నది. "వానికి తెలీదు" అని మాత్రం అని, మళ్ళీ నూరసాగింది.

నాకు అడగాల్సినవి చాలా ఉన్నాయి. ఆడో మగో, ఎన్నాళ్ళు బతికిందో, ఆ చిలక ఏమైందో. నా నోరు ఎప్పుడూ అంతసేపు ఊరుకున్నది కాదు. ఆ రోజు ఊరుకుంది. ఈలోగా బిడ్డ లేచి ఏడ్చింది. అత్త చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. మంచం మీది ఏనుగును తీసి, బిడ్డ గుప్పిట విప్పి, తొండాన్ని అందులో పెట్టింది. పెట్టింది ఎడమచేత్తోనే.