నాలుగో గీత

కంప్యూటర్ అద్దం పలక విప్పగానే వేడెక్కిన దుమ్ము వాసన వచ్చింది. దాని వెనకాలే సన్నగా కుంకుమ వాసన. మూడేళ్ళుగా తెరవని పెట్టె ఇది. దసరా దగ్గర పడుతోంది, దుమ్మైనా దులుపుదామని ఈ మధ్యాహ్నం నేల మీద పాత దుప్పటి పరిచి కూర్చున్నాను. ఫ్యాను అంచున ఎర్రటి చుక్క ఒకటి ఎండిపోయి అలాగే అతుక్కుని ఉంది. బ్రష్ పక్కన పెట్టేశాను. ఆ చుక్క పెట్టిన మనిషి గురించి ఎవరికైనా చెప్పాలనిపించింది. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు కాబట్టి రాస్తున్నాను.

ఆయన పేరు ఓదెలు. సూరత్‌లో, కోసాడ్ కాలనీలో మా ఎదురు వాకిలి ఆయనది. జగిత్యాల వైపు పల్లె నుంచి కుర్రతనంలోనే వచ్చి, నలభై ఏళ్ళు మరమగ్గాలు బాగుచేశారు. మరమగ్గాన్ని ఆయన సాంచ అనేవారు. వాటి మోతకి చెవులు సగం పోయాయి. చివరికి మగ్గాల షెడ్డులోకి కొత్త మిషన్లు వచ్చాక, వీటికి నీ చెయ్యి అక్కర్లేదని సేఠ్ ఇంటికి పంపేశాడు. భార్య ఎప్పుడో పోయింది. కూతురు సూరత్‌కి ఇంకో కొసన, ఉన్ అనే చోట ఉండేది. నేను రాజమండ్రి నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వచ్చినదాన్ని. మొదటిసారి మెట్ల మీద "ఓదెలు గారూ" అని పిలిస్తే ఆయన వెనక్కి తిరగలేదు. మూడోసారికి తిరిగి, "గారు గీరు ఏంది బిడ్డా. కాకా అని గట్టిగ పిలువు, ఇనపడుతది" అన్నారు.

ఆడపిల్లకి గేమింగ్ కంప్యూటర్ ఎందుకని మా ఆఫీసులో నవ్వారు. నవ్వితే నవ్వారు. కాలేజీలో కలిసి చదువుకున్న నలుగురం తలా ఒక ఊళ్ళో పడ్డాం. ఆదివారం మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఒక ఆట ఆడుకునేవాళ్ళం. ఆ మూడు గంటలూ నన్ను "ఒసేయ్ లావణ్యా" అని పిలిచేవాళ్ళుండేవారు. మిగతా వారమంతా నేను మేడమ్‌ని. ఆట కొత్త రూపంలోకి మారేసరికి నా పాత లాప్‌టాప్ చేతులెత్తేసింది. అందుకని భాగాలు విడివిడిగా తెప్పించుకుని, వీడియోలు చూసుకుంటూ నేనే బిగించడానికి కూర్చున్నాను.

తలుపు తీసే ఉంది. కాకా తొంగిచూసి, చుట్టూ అట్టపెట్టెలు చూసి, "దుకాణం పెడుతున్నవా బిడ్డా?" అన్నారు. కంప్యూటర్ చేస్తున్నానని చెప్పాను. వచ్చి ఎదురుగా చతికిలబడ్డారు. నేను మరలు బిగిస్తుంటే ఒక్కోటీ అందించారు. "బొట్టు పెట్టకుంట మిషన్ చాలు చేస్తరా ఎవలన్న?" అని లేచి, ఇంటికెళ్ళి కుంకుమ భరిణె తెచ్చారు. సాంచ కొత్తదొస్తే షెడ్డులో బొట్టు పెట్టేది ఆయనేనట. నేల మీద పడుకోబెట్టి ఉన్న పెట్టె మీదికి వంగి, ఫ్యానుకి చుక్క పెట్టి, మిగిలిన చిటికెడూ లోపలికి చల్లి దండం పెట్టారు. మామూలుగా ఇలాంటివి చూస్తే నాకు నవ్వొస్తుంది. ఆరోజు రాలేదు. నా ఇంట్లోకి ఒక వస్తువు వచ్చిందని సంతోషించిన మనిషి ఆయనొక్కరే.

మొదటి ఆదివారమే పరువు పోయింది. ఆట మంచి పట్టులో ఉండగా తెర నీలంగా మారి కంప్యూటర్ ఆగిపోయింది. మళ్ళీ వేశాను, మళ్ళీ ఆగింది. సాయంత్రం మా నలుగురిలో ఒకడు, కిరణ్ ఫోన్ చేశాడు. "ఒసేయ్, నువ్వు మధ్యలో మాయమైతే ఇక్కడ ముగ్గురం చస్తున్నాం. రెండు వారాలు చూద్దాం. మా ఆఫీసులో ఒకడు నీ చోటు ఎప్పటినుంచో అడుగుతున్నాడు." వాడు మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం ఆ మూడు గంటలూ పోతాయనిపించింది. వెంటనే కంప్యూటర్ మీద పడ్డాను. సాఫ్ట్‌వేర్లన్నీ తీసి కొత్తవి వేశాను, సెట్టింగులు మార్చాను, వైర్లు పీకి అటువి ఇటు గుచ్చాను. అంతకుముందు గంటకోసారి ఆగేది, ఇప్పుడు పది నిమిషాలకే ఆగుతోంది.

మర్నాడు కాకా వచ్చేసరికి వైర్ల మధ్య కూర్చుని ఏడుస్తున్నాను. ఏం మార్చావని అడిగారు. అన్నీ అన్నాను.

"ఒక్కపారి ఒక్కటే మార్చాలె బిడ్డా. అన్ని ఒక్కపారే కదిలిస్తె దొంగ ఏదో ఎట్ల దెలుస్తది?"

జేబులోంచి సుద్దముక్క తీశారు. పని పోయినా అది మాత్రం జేబులో ఉండేది. షెడ్డులో ఒక్కో మార్పుకి సాంచ చట్రం మీద ఒక గీత గీసేవారట. లోపం దొరికితే ఆ గీత చుట్టూ సున్న చుట్టాలి. తర్వాత వచ్చే మేస్త్రీ మళ్ళీ మొదటినుంచి వెతుక్కోకుండా అదే చూసుకుంటాడు. అద్దం మీద సుద్ద పడదు కనక, పెట్టెకి వెనకవైపున్న నల్లరేకు పలక లోపల గీద్దామన్నారు.

ఆ వారమంతా సాయంత్రం అయిదున్నరకల్లా ఇంటికొచ్చేశాను. నేను టీ పెట్టేదాన్ని. ఆయన పెట్టె మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకునేవారు. చెవులతో పని లేదు, అదురు చేతికి తెలుస్తుందనేవారు. నీళ్ళ మోటారు వేసినప్పుడు కరెంటు గుంజుతోందేమోనని ఆయన అనుమానం. ప్లగ్గు మార్చి మొదటి గీత గీశాం. కాదు. గ్రాఫిక్స్ కార్డు తీసి మళ్ళీ బిగించి రెండో గీత. కాదు. ప్రాసెసర్ ఫ్యాను సరిచేసి మూడో గీత. అదీ కాదు. నేను విసుక్కుంటే ఆయన ఇంకో టీ అడిగేవారు.

ఆ సాయంత్రాల్లోనే ఒకసారి చెప్పారు. "సాంచ ఆగంగనె సేఠ్ ఎవడు చేసిండురా అని ఒర్రుతడు. ఎవడన్న చెప్తడా? అందరు దాసిపెడుతరు. నేనైతె ఎక్కడ అని అడుగుత. ఎక్కడ అంటె కొత్తోడు గూడ ఏలు పెట్టి సూపెడుతడు."

శనివారం ఆయన ఉన్‌కి, కూతురి దగ్గరికి వెళ్ళారు. నేనొక్కదాన్నే ర్యామ్ పట్టీలు ఊడదీశాను. బంగారు రంగు పళ్ళ మీద ఎర్రటి పొడి. పట్టీ దిగే గాడిలో కూడా ఉంది. ఆరోజు పట్టీలు గుచ్చకముందు కాకా చల్లిన చిటికెడు తిన్నగా అందులోకే పోయింది. గాడిలో పొడి ఊదేసి, పెన్సిల్ తుడిచే రబ్బరుతో పళ్ళన్నీ తోమి, మళ్ళీ గుచ్చి, అలవాటుగా నాలుగో గీత గీశాను. నాలుగు గంటలు వదలకుండా ఆడాను. ఒక్కసారి కూడా ఆగలేదు.

గంతులెయ్యాల్సింది పోయి భయపడ్డాను. ఇక నీ చెయ్యి అక్కర్లేదని ఒకసారి అనిపించుకున్న మనిషి. ఈ వారం రోజులూ మళ్ళీ మేస్త్రీగా బతికారు. చెడగొట్టింది నువ్వేనని ఏ నోటితో చెప్పను? నిజం చెప్పాలంటే నా స్వార్థమూ ఉంది. సిగ్గుపడి రావడం మానేస్తారేమోనని భయం.

ఆదివారం పొద్దున్న వచ్చారు. "కంపెనీవాళ్ళొచ్చి లోపలికి కరెంటు ఇచ్చే డబ్బా మార్చారు కాకా, అదే లోపం" అని గట్టిగా అరిచి చెప్పాను. ఆయన చూస్తుండగానే అయిదో గీత గీసి సున్న చుట్టాను. ఆయన డబ్బా మరల దగ్గర మొహం పెట్టి చూశారు.

"మర్ర తిప్పినట్టు లేదే. మార్చిండ్రా?"

"మార్చారు కాకా."

బల్ల మీద రబ్బరు ఉంది. తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, పెట్టేశారు. దాని మొన ఎర్రగా ఉందన్న సంగతి ఆ క్షణంలో నాకు తట్టలేదు. "మంచిగైంది బిడ్డా" అన్నారు. టీ తాగకుండా వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఆయన రాలేదు. నా ఆదివారాలు నాకు దక్కాయి. ఎదురు తలుపు తడితే, మోకాళ్ళ నొప్పి అనో పని ఉందనో చెప్పేవారు. గ్యాస్ సిలిండర్ వచ్చినప్పుడు తలుపు తియ్యడానికి నా తాళంచెవి ఒకటి ఆయన దగ్గర ఉండేది. రెండు నెలలకి కూతురి దగ్గరికి మారిపోతూ అది తెచ్చి చేతిలో పెట్టారు.

"మిషన్ నడుస్తున్నదా?"

"నడుస్తోంది కాకా."

"నడవాలె" అని మెట్లు దిగారు.

ఉన్ వస్తానన్నాను. రెండు బస్సులు మారాలి, అంతే. ఈ ఆదివారం ఆట ఉంది, వచ్చే ఆదివారం అనుకుంటూ మూడేళ్ళు గడిపేశాను. ఫోన్‌లో ఆయనకి వినపడేది కాదు. కిరణ్‌కి కొడుకు పుట్టాడు, ఇంకొకరికి షిఫ్టులు మారాయి, ఆట దానంతటదే ఆగిపోయింది. మొన్న వానల్లో ఆయన కూతురు ఫోన్ చేసింది. నాన్న పోయి పదకొండు రోజులైందని, ఆయన ఫోన్‌లో నా పేరు చూసి చేశానని చెప్పింది. కర్మలన్నీ అయిపోయాయి, నాకు వెళ్ళడానికి కూడా ఏమీ మిగల్లేదు.

ఆఫీసులో ఇప్పుడు నా కింద ఆరుగురున్నారు. ప్రోగ్రాం ఆగిపోయినప్పుడు ఎవరు చేశారని నేను అడగను, ఎక్కడ అని అడుగుతాను. వాళ్ళు దాచకుండా చూపిస్తారు. మంచి మేడమ్ అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా, ఆయన దగ్గర దాచినదాన్ని నేనే కదా అని నాకు తల దించుకోవాలనిపిస్తుంది.

ఇంతవరకు రాసి, లేచి వెళ్ళి పెట్టె వెనక రేకు పలక కూడా విప్పాను. గీతలు అయిదూ ఉన్నాయి. అయిదో గీత చుట్టూ నేను చుట్టిన సున్న లేదు. బొటనవేలితో తుడిచిన మరక ఉంది. నాలుగో గీత చుట్టూ వంకరగా, పెద్దగా ఒక సున్న ఉంది. అది నేను గీసింది కాదు. తాళంచెవి ఆయన దగ్గరున్న రోజుల్లో ఎప్పుడో, నేను ఇంట్లో లేనప్పుడు వచ్చి, లోపం ఎక్కడో గుర్తు పెట్టి, పలక బిగించి వెళ్ళారు. తర్వాత తెరిచేవాళ్ళు మళ్ళీ వెతుక్కోకూడదు కదా.

పలక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎవరిదని ఆయన ఎన్నడూ అడగలేదు. అయినా చెప్పాను, ఆయనకి వినపడేంత గట్టిగా, ఖాళీ ఇంట్లో. నాది కాకా, తప్పు నాది.