పసుపెక్కిన నాలుగు పళ్ళు

ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది మొదలుకొని ముప్పయ్యొక్క సంవత్సరాలు లంబాసాలో ఒకే బడిలో పాఠాలు చెప్పాను. ఏటా ఒక ఫొటో. ముప్పయ్యొక్క ఫొటోల వెనుక తేదీ వేశాను. అన్నింటిలోనూ నా పెదవులు మూసే ఉన్నాయి. మా ఊరు టాబియాలో చిన్నప్పుడు చెరకు పళ్ళతోనే ఒలిచేవాళ్ళం. అలా నా ముందు పళ్ళు నాలుగూ అంచులు విరిగి గోధుమరంగుకు తిరిగాయి.

బడి స్వర్ణోత్సవానికి పాత టీచర్లందరికీ కలిపి ఫొటో తీస్తామని కబురొచ్చింది. ఆ ఒక్కదానిలో నోరు తెరిచి నవ్వాలనుకున్నాను. సువాలో డాక్టరమ్మ పళ్ళ ముందు భాగం కొంచెం అరగదీసి, పింగాణీ రేకులు అతికిస్తానంది. రేకులు తయారై రావడానికి రెండు వారాలు. అందాకా తాత్కాలికంగా ప్లాస్టిక్ తొడుగులు.

క్యాలెండర్ ముందు పెట్టుకుని లెక్క వేశాను. బుధవారం అరగదీయడం. శుక్రవారం నుంచి గుడిలో అమ్మవారి మొక్కు, పది రోజులు. ఆదివారం నిప్పులు తొక్కడంతో అది ముగుస్తుంది. బుధవారం పింగాణీ, శనివారం ఫొటో. మొక్కులో మాంసం లేదు, గట్టి తిండి లేదు, పప్పూ అన్నమే కాబట్టి తొడుగులకు ఢోకా లేదనుకుని మురిసిపోయాను.

డాక్టరమ్మ ఇచ్చిన కాగితంలో టీ, కాఫీ, రెడ్ వైన్ వద్దని అచ్చువేసి ఉంది. కింద చేత్తో, ఇక్కడివాళ్ళు మత్తుకు తాగే వేరు కషాయం యంగోనా కూడా రాసింది. టీ మానేశాను. మిగతావి నాకెలాగూ అలవాటు లేవు. పసుపు మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు.

గుడిలో పది రోజులూ పసుపు పప్పు, పసుపు చారు. పొద్దున్నే పసుపు నీళ్ళు నెత్తిన పోసి, ఒక గుక్క తాగించేవారు. అక్కడ అద్దం లేదు. అందరి బట్టలూ ముఖాలూ పచ్చగానే ఉన్నాయి. నన్ను ప్రత్యేకంగా చూసేదెవరు? ఆదివారం రాత్రి ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే నాలుగు పళ్ళూ పసుపు కొమ్ముల్లా ఉన్నాయి. ఉప్పుతో తోమాను. బొగ్గుతో తోమాను. చిగుళ్ళు మండాయి తప్ప రంగు వదల్లేదు.

సరే, బుధవారం ఎలాగూ తీసేస్తారుగా అనుకున్నాను. మంగళవారం డాక్టరమ్మ క్లినిక్ నుంచి ఫోన్ వచ్చింది.

"ఆంటీ, పార్సిల్ రాలా. వచ్చే మంగళవారం రండి."

"శనివారం నాకు ఫొటో ఉందమ్మా."

"క్యా కరేగా ఆంటీ, షిప్ లేటు."

శనివారం నా పక్కన నిలబడింది, పాతికేళ్ళు పక్క తరగతి చెప్పిన చెల్లెలిలాంటి మనిషి. పలకరిద్దామని నోరు తెరిచానో లేదో, పగలబడి నవ్వింది.

"అరే అక్కా! నోట్లో కూడా హల్దీ పోసినారా?"

"నీ నోట్లో పళ్ళు ఎన్ని మిగిలాయో ముందు లెక్కపెట్టుకో."

"మూడు! మూడూ నావే!"

కెమెరా పట్టుకున్నాయన అరిచాడు: "ఆంటీ, దాంత్ దిఖావో!"

ఆ మూడు పళ్ళూ చూపించి ఆవిడ హాయిగా నవ్వింది. నేను పెదవులు బిగించాను.

మంగళవారం పింగాణీ రేకులు అతికించారు. బాగున్నాయి. ఇంటికి రాగానే మా అమ్మాయి ఫోన్ కెమెరా నా వైపు తిప్పి, "అమ్మా, ఇప్పుడు నవ్వు, తీస్తా" అంది. "ఇప్పుడు నా పక్కన ఎవరున్నారు?" అని కసిరాను.

స్వర్ణోత్సవం ఫొటో వెనుక తేదీ వేశాను. దాని కింద రాశాను: మూడు రోజులు తక్కువ.